గోల్డుస్మిత్తు కవి జీవితము

అనంతగిరి కొండలపై వాన కురిసి, సాయంకాలమున వెలుపలికిఁ బోవ వీలుకానప్పుడు, మేము ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు’ అను పాత ఆంగ్లనవలను దీసి చదువుచుందుము. దానిలో యుద్ధములు లేవు; మాయలు లేవు. ఒక పల్లె, ఒక పాదిరి, ఆయన భార్యాబిడ్డలు, చలిమంట చుట్టు ముచ్చటలు, ఇంతియే. అయినను మనస్సున కింత నెమ్మది నిచ్చు గ్రంథములు మాకుఁ గొన్నియే దొరకినవి. దానిని వ్రాసినవాని జీవితము మాత్రము నెమ్మదియైనది కాదు.

ఆలివర్ గోల్డుస్మిత్తు 1730 ప్రాంతమున ఐర్లండు దేశమందు ఒక పేదపాదిరి యింటఁ బుట్టి, లిస్సోయి యను పల్లెలోఁ బెరిగెను. బాల్యమున మశూచికము సోఁకి మొగముపై మచ్చలు మిగిలినందున తోడిబాలురచే పరిహాసములు పడెను. డబ్లిను నగరపు ట్రినిటీ కళాశాలలో జీతము చెల్లించు శక్తిలేక, ఊడిగపుఁ బనులు చేయుచుఁ జదివి, 1749లోఁ బట్టము వడసెను. 1752లో వైద్యము నేర్వ ఎడింబరో కేఁగిన పిమ్మట స్వదేశమును మరలఁ జూడనే లేదు. ఐరోపాఖండమునఁ గాలినడకను దిరుగుచు, పల్లెలలోఁ బిల్లనగ్రోవి యూఁది రాత్రిబస సంపాదించెనని చెప్పుదురు. 1756లో లండను చేరి, పుస్తకవ్యాపారులకుఁ గూలికి వ్రాయుచు బ్రతికెను. చేతికి వచ్చిన ధనము బీదలకుఁ గొంత, జూదమునకుఁ గొంత పోయెను.

1762లో అద్దె చెల్లింపనందున ఇంటియజమానురా లతనిని నిర్బంధింపించెను. మిత్రుఁడైన జాన్సను పండితుఁడు వచ్చి, అతనికడ నున్న వ్రాఁతప్రతిని 60 పౌనులకు విక్రయించి, ఆ చిక్కు తీర్చెను. ఆ ప్రతియే మన నవల. అది 1766లో వెలువడినది.

ఇల్లు లేనివాఁడు తన తండ్రియింటిని కథలోఁ గట్టుకొనెను. పాదిరికుమారుఁడు మోజెస్ సంతలో గుఱ్ఱపుఁబిల్ల నమ్మి, వెండిచట్రములని నమ్మి 144 ఆకుపచ్చ కండ్లజోళ్లు కొనితెచ్చు ఘట్టమునకు మేము నేఁటికిని నవ్వుదుము. తాండూరు బజారునకుఁ బోయి మోసపోయి వచ్చు పల్లెబాలుఁడు వేఱెవఁడు? ఆ కుటుంబమునకు ధననష్టము, గృహదాహము, చెఱసాలయుఁ గలుగును. ప్రేమ మాత్రము నశింపదు. కష్టము నెఱుఁగని వాని మృదుత్వము కాదది, ఎఱిఁగినవాని మృదుత్వము.

1774 ఏప్రిలు 4వ తేదీని గోల్డుస్మిత్తు సుమారు 2000 పౌనుల ఋణముతో మృతినొందెను. అతని మేడమెట్లపై, అతనిచే నుపకారమొందిన బీదలు కూర్చుండి యేడ్చిరని చెప్పుదురు.

ఒక శతాబ్దము గడచిన పిమ్మట రాజమహేంద్రవరమునఁ గందుకూరి వీరేశలింగము పంతులుగా రా నవలను దెనిఁగింపఁ బూని, అది మన జనుల కనుకూలింపదని మానుకొని, ధవళేశ్వరమున మనవారి నడుమఁ గథ నడిపి, 1878లో ‘రాజశేఖర చరిత్రము’ను రచించిరి. బంగారము చేసెదనను కపటయోగి యందు రాజశేఖరుని వంచించును. పరదేశపుఁ బల్లెకథ పంతులుగారికిఁ దన యూరిని జూపినది.

ప్రియవిద్యార్థులారా! ఈ రెండు గ్రంథములను బరీక్షకొఱకుఁ గాక సంతోషమునకై చదువుఁడు. చదివి సెలవులకు మీ పల్లెలకుఁ బోయినప్పుడు, మీ యింటి ముచ్చటలను శ్రద్ధగా వినుఁడు. వానిని వ్రాయవలసినవారు మీరే.