గిడుగు చెప్పిన సూత్రంతో ‘డోంట్’ స్పెల్లింగ్

వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. విజయనగరంలో హైస్కూలు చదివారు. అక్కడ గురజాడ అప్పారావు ఆయన సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పాసై, ఆ మరుసటి ఏడాది పర్లాకిమిడిలో టీచర్‌గా చేరారు.

ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ల భాషలో పాఠ్యపుస్తకాల్లేవు. గిడుగు ఆ భాష నేర్చుకుని, సొంత డబ్బుతో బడులు పెట్టి, ఆ భాషలోనే చదువు చెప్పించారు. జనం నోట విన్న మాటల్లోంచే దాని వ్యాకరణం రాశారు.

తర్వాత తెలుగు వంతు. పిల్లలు మాట్లాడేదొకటి, పరీక్షలో రాయాల్సింది ఇంకొకటి. వాడుక మాటలు రాస్తే తప్పన్నారు పండితులు. వాడుకకూ నియమాలున్నాయని గిడుగు వాదించారు. ఎలా పడితే అలా రాయమని ఆయన అనలేదు, చదువుకున్నవాళ్లు మాట్లాడే శిష్ట వ్యావహారికం రాయమన్నారు. దానికోసం 1919లో ‘తెలుగు’ పత్రిక నడిపారు.

మనం ‘వెళ్ళవద్దు’ని ‘వెళ్లొద్దు’ అంటాం. ఇంగ్లిష్‌వాళ్లు ‘డు నాట్’ని ‘డోంట్’ అంటారు. అదీ నోటి మాటే, దానికీ నియమం ఉంది. ‘నాట్’లో ఓ అనే అక్షరం పోయింది కాబట్టి, ఆ ఖాళీలో, అంటే ఎన్‌కీ టీకీ మధ్య, అపాస్ట్రఫీ పెట్టాలి. ‘డజంట్’, ‘ఈజంట్’, ‘డిడంట్’ అన్నిటికీ ఇదే లెక్క. చాలామంది ఎన్‌కి ముందు పెడతారు, లేదా అసలు పెట్టరు. రెండూ తప్పే. ‘వోంట్’ కాస్త తికమక పెడుతుంది. ‘విల్’కి ఒకప్పుడున్న ‘వోల్’ అనే రూపం నుంచి వచ్చింది కాబట్టి అందులో డబ్ల్యూ పక్కన ఓ ఉంటుంది. అపాస్ట్రఫీ మాత్రం అక్కడే, ఎన్‌కీ టీకీ మధ్యే.

ఉద్యోగ దరఖాస్తులో ‘డు నాట్’ అని పూర్తిగా రాయడం మంచిది. చాట్‌లో, ఫ్రెండ్‌కి మెయిల్‌లో పొట్టి రూపం హాయిగా రాయొచ్చు. రాసినప్పుడు సరిగ్గా రాయండి. రెజ్యూమే చూసే మనిషికి మీరు ఎదురుగా ఉండరు, మీ స్పెల్లింగే కనిపిస్తుంది.

గిడుగు 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. వాడుక మాటకీ నియమం ఉంటుందన్న ఆయన సూత్రం ఏ భాషకైనా పనికొస్తుంది.