భద్రావతికి పని తెచ్చిన విశ్వేశ్వరయ్య

ఊళ్లో పని దొరక్కే మనం ఇంత దూరం వచ్చాం. ఊరి దగ్గరే పని పుట్టించాలని పట్టుబట్టిన మనిషి మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన పూర్వీకులది గిద్దలూరు వైపు మోక్షగుండం. 1912 నుంచి 1918 దాకా మైసూరు దివానుగా ఉన్నారు. ఇనుప ఖనిజం, అడవి బొగ్గు దగ్గర్లోనే ఉన్నాయని చిన్న ఊరైన భద్రావతిలో ప్రభుత్వ ఇనుప కర్మాగారం పెట్టించారు. 1923లో అది నడక మొదలుపెట్టింది గానీ నష్టాలొచ్చాయి. ఆయనే ఛైర్మన్‌గా వచ్చి, ఖర్చులు తగ్గించి, మనవాళ్లకే పని నేర్పించి నిలబెట్టారు. అందుకు తనకు రావలసిన సొమ్మును చేతిపనులు నేర్పే బడికి ఇప్పించారు. 1943లో బెంగళూరులో ఆ బడి వెలిసింది. 1962లో ఆయన కన్నుమూశారు. ఫ్యాక్టరీ తెరిస్తే చాలదు, దాన్ని నడిపే పనితనం ఊరివాళ్ల చేతికి రావాలి. మనం ఇక్కడ నేర్చిన పని కూడా రేపు మన ఊరికి అక్కరకొస్తుంది.