తన పేరున్న సిగార్లనే తగలబెట్టించిన డేవిడాఫ్

సరుకు బాగాలేకపోతే వెనక్కి పంపే వర్తకులున్నారు. ధర తగ్గించి వదిలించుకునేవారూ ఉన్నారు. తన పేరుతో వచ్చిన సరుకును తానే అగ్గిపాలు చేసినవారు మాత్రం అరుదు. 1989 ఆగస్టులో జినో డేవిడాఫ్ ఆ పని చేశారు. క్యూబాలో తయారైన 1,30,000కు పైగా సిగార్లు అమ్మకానికి తగవని తేల్చి, అందరూ చూస్తుండగా కాల్పించారు. అప్పటికి ఆయన వయస్సు 83 ఏళ్లు.

సిగార్ అంటే తెలుగునాట చుట్టకు దూరపు చుట్టం. గోదావరి లంక పొగాకు సంగతి తెలిసినవారికి డేవిడాఫ్ కథ కొత్తగా తోచదు.

డేవిడాఫ్ 1906 మార్చి 11న అప్పటి రష్యా సామ్రాజ్యంలోని ఉక్రెయిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రి పొగాకు వర్తకుడు. యూదులపై దాడులకు భయపడి ఆ కుటుంబం 1911లో ఊరు విడిచి స్విట్జర్లాండులోని జెనీవా చేరింది. తండ్రి అక్కడ చిన్న పొగాకు దుకాణం పెట్టారు. రష్యా నుంచి ప్రవాసం వచ్చిన లెనిన్ ఆ దుకాణానికి వచ్చేవారని డేవిడాఫ్ తర్వాతి రోజుల్లో చెప్పుకునేవారు.

చదువు ముగిశాక, 1920లలో, పని నేర్చుకునేందుకు ఆయన ఓడ ఎక్కారు. అర్జెంటీనా, బ్రెజిల్ తిరిగి క్యూబా చేరి, అక్కడి పొగాకు తోటలో సుమారు రెండేళ్లు పనిచేశారు. ఆయన అసలు చదువు అదే.

ఆకు నేర్పిన విద్య

క్యూబాలో పేరుపడిన పొగాకు పడమటి వైపున ఉన్న వుయెల్తా అబాహో నేలల్లో పండుతుంది. ఒకే మొక్కలో అడుగు ఆకు బాగా కాలుతుంది, నడిమి ఆకు వాసన ఇస్తుంది, పై ఆకు ఘాటు ఇస్తుంది. ఈ మూడింటినీ తగుపాళ్లలో కలిపి లోపల పెడతారు. దానిమీద ఒక కట్టు ఆకు, ఆపైన నునుపైన చుట్టు ఆకు వేస్తారు. ఈ చుట్టు ఆకుకు ఎండ దెబ్బ తగలకుండా పలుచని గుడ్డ పందిళ్ల కింద పెంచుతారు. కోసిన ఆకును కొట్టాల్లో వేలాడదీసి ఆరబెట్టాక మండెలు వేస్తారు. మండె లోపల వేడి పుట్టి పచ్చి ఘాటు విరుగుతుంది. ఇందులో ఎక్కడ తొందరపడినా ఆ లోపం చివరికి నోటికి తెలిసిపోతుంది.

మంచి సిగార్‌ను ముందు కన్ను చూస్తుంది. చుట్టు ఆకు ఒకే రంగులో, సన్నని ఈనెలతో, కొద్దిపాటి నూనె మెరుపుతో ఉండాలి. తర్వాత వేళ్లు చూస్తాయి. మెల్లగా నొక్కితే ఎక్కడా గుల్లగానూ, గడ్డగానూ తగలకూడదు. చెవి దగ్గర పెట్టుకుని నలపడం వల్ల తెలిసేదేమీ లేదు, ఆకు చిట్లడం తప్ప. ఆపైన ముక్కు. వెలిగించకముందే వాసన చూస్తే బూజు పట్టిందీ లేనిదీ తెలిసిపోతుంది.

వెలిగించాక పొగ తేలికగా రావాలి. బిగించి చుడితే పొగ రాదు, వదులుగా చుడితే వేడెక్కి చేదెక్కుతుంది. నిప్పు చుట్టూ సమంగా నడవాలి, బూడిద వెంటనే రాలక నిలవాలి. తెల్లబూడిద ఒక్కటే మంచికి గుర్తు కాదు. ఆ రంగు నేలలోని లవణాలను బట్టి కూడా మారుతుంది. రుచి చూసేవారు పొగను లోపలికి పీల్చరు, నోట ఉంచి వదులుతారు. మొదట్లో, మధ్యలో, చివర్లో రుచి ఎలా మారిందో చూస్తారు.

జెనీవాకు తిరిగొచ్చిన డేవిడాఫ్ ఈ విద్యనే దుకాణానికి పెట్టుబడి చేశారు. తేమ, చల్లదనం తప్పకుండా ఉండే నేలమాళిగ కట్టించి సిగార్లు నిల్వ చేశారు. యూరప్‌లో అలాంటి వాటిలో అది మొదటి వరుసలోనిది. గాలిలో తేమ 70 శాతం దగ్గర ఉంటే సిగార్ చెడదు. అంతకు బాగా తగ్గితే ఎండి మంటగా కాలుతుంది, బాగా పెరిగితే బూజు పడుతుంది. 1940లలో ఆయన కొన్ని క్యూబా సిగార్లకు పేరుమోసిన ఫ్రెంచి ద్రాక్షసారాల పేర్లు పెట్టి అమ్మారు. అవి బాగా చెల్లాయి.

పేరు ఒకరిది, కంపెనీ ఒకరిది

1959 విప్లవం తర్వాత క్యూబాలో సిగార్ ఫ్యాక్టరీలు ప్రభుత్వపరమయ్యాయి. 1960ల చివర ఆ ప్రభుత్వ సంస్థ డేవిడాఫ్ పేరుతోనే సిగార్లు చేయడానికి ఒప్పుకుంది. కాస్ట్రో కోసం సిగార్లు చుట్టిన ఎల్ లగీతో ఫ్యాక్టరీకే ఈ పనీ అప్పగించారు. ఒక విదేశీ వర్తకుడికి అది చిన్న గౌరవం కాదు. 1970లో ఆయన తన వ్యాపారాన్ని బాసెల్ నగరంలోని ఓటింగర్ కంపెనీకి అమ్మారు. కానీ పేరు ఆయనదే, ఆ పేరుకు జవాబుదారీ ఆయనే.

1980లలో సరుకు నాణ్యత పడిపోయిందని డేవిడాఫ్ పక్షం వాదించింది. ఆ పేరుపై హక్కు ఎవరిదన్న తగాదా కూడా దానితో ముడిపడింది. ముసలితనంలో, తనకు పని నేర్పిన దేశంతో తెగతెంపులు చేసుకోవడం డేవిడాఫ్‌కు తేలిక కాదు. లోపమున్న సరుకును ఊరుకుని అమ్మినా కొనేవారికి కొరత లేదు. అయినా ఆయన నిప్పు పెట్టించారు. 1991తో క్యూబా డేవిడాఫ్‌ల కథ ముగిసింది. తయారీ డొమినికన్ రిపబ్లిక్‌కు మారింది.

1994 జనవరి 14న జెనీవాలో 87 ఏళ్ల వయస్సులో ఆయన మరణించారు. ఆ వయస్సు చూసి సిగార్ హానిలేనిదనుకోరాదు. పొగ లోపలికి పీల్చకపోయినా నోటికి, గొంతుకు, అన్నవాహికకు క్యాన్సర్ ముప్పు ఉంటుంది. ఉత్తరాంధ్రలో అడ్డచుట్ట తాగే ఆడవారిలో అంగిలి క్యాన్సర్‌ను వైద్యులు ఏనాడో గుర్తించారు.

అయితే డేవిడాఫ్ జీవితంలో పొగాకుకే పరిమితం కాని సంగతి ఒకటుంది. మంచి ఆకుల మధ్య చెడ్డ ఆకు దాచి బేలు కట్టడం ఎవరికైనా చేతనవును. కనిపెట్టి తీసిపారేయడానికి విద్య కావాలి, ఆ నష్టం భరించడానికి గుండె కావాలి. డేవిడాఫ్‌కు ఆ రెండూ ఉండేవి.