ఇనుము అలసటను కొలిచిన వోలర్

1842 మే 8వ తేదీన వెర్సైల్స్ నుండి పారిస్ నగరమునకు పోవుచున్న రైలుబండి దారిలో ఇంజను ఇరుసు విరిగి పట్టాలు తప్పెను. పెట్టెలు ఒకదానిపై నొకటి పడి అంటుకొనెను. తలుపులకు తాళములు వేసియుండుటచే ఏబదిమందికి పైగా లోపలనే మరణించిరి. మోయవలసిన బరువునే మోయుచు చక్కగా నడచిన ఇరుసు ఒకనాడు ఏల విరుగవలెను? పోగులుగా నున్న ఇనుము కుదుపులవలన స్ఫటికములుగా మారి పెళుసుబారునని ఆనాటి ఇంజనీర్లలో పెక్కురు నమ్మిరి.

ఈ చిక్కును విప్పినవాడు ఆగస్ట్ వోలర్. రసాయనశాస్త్ర విద్యార్థు లెఱిగిన వోలర్ వేఱు. యూరియాను తయారుచేసిన ఆ ఫ్రెడరిక్ వోలర్ కీర్తి చాటున ఈయన పేరు కొంత మరుగుపడినది.

ఆగస్ట్ వోలర్ 1819 జూన్ 22న హానోవర్ రాజ్యములోని సోల్టావులో జన్మించెను. హానోవర్‌లో సాంకేతికవిద్య నభ్యసించి, బెర్లిన్‌లోని బోర్సిగ్ కర్మాగారమున పనిచేసెను. 1847లో దిగువ సైలీషియా రైలుమార్గమునకు యంత్రశాఖాధిపతియై, ఓడర్ నదీతీరమందలి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇరువదియేండ్లకు పైగా నుండెను. దస్త్రములతో కాలము గడపినవాడు కాడు. నడుచుచున్న బండి ఇరుసు ఎంత వంగుచున్నదో గుర్తించు సాధనము నమర్చి, మొదట ఆ సంగతి తేల్చుకొనెను.

బరువు క్రింద వంగిన ఇరుసున ఒకవైపు సాగును, రెండవవైపు నొక్కుకొనును. అరచుట్టు తిరుగగానే సాగినవైపు నొక్కుకొనును, నొక్కుకొన్నది సాగును. తీగెను అటునిటు వంచి త్రుంచుట పిల్లలకు తెలిసినదే; ఆ త్రుంచుటకు లెక్క కట్టినవాడు వోలర్. తానే యంత్రములు నిర్మించి, ఇరుసులను లక్షలకొలది, కొన్నింటిని కోట్లకొలది సారులు త్రిప్పించెను. 1870 నాటికి ఫలితములు తేలినవి. ఒక్కమారు లాగిన తెగని ఇనుము, అంతకు చాల తక్కువ ప్రతిబలమునకే పలుమారులు గురియైనచో తెగును. ఆ ప్రతిబలము ఒక హద్దునకు దిగువ నున్నచో, ఆయన పరీక్షించిన ఇనుము ఎన్ని చుట్లకును విరుగదాయెను. గరిష్ఠ ప్రతిబలముకంటె, హెచ్చుతగ్గుల నడిమి వ్యత్యాసమే హానికరము. ఇరుసు లావు మారుచోట నిశితమైన మూల యున్నచో బలము మఱింత తగ్గును.

ఆయన ప్రకటించినవి పట్టికలు. వానిని రేఖగా గీసినవారు ఇతరులు. ఆ రేఖ మాత్రము వోలర్ పేరనే చెల్లుచున్నది.

వేడిచేయగనే పూర్వరూపమునకు వచ్చు నికెల్-టైటానియం మిశ్రలోహపు గుణము 1960 ప్రాంతమున అమెరికా నౌకాదళ పరిశోధనాలయమున బయటపడినది. హాఫ్నియం చేర్చినచో అట్టి లోహము 100 డిగ్రీల సెంటీగ్రేడుకు మించిన వేడిమియందును పనిచేయును. కాని బరువు మోయుచు మాటిమాటికి కాగి చల్లారునప్పుడు రవంత వికృతి తిరిగిరాక మిగిలి, పేరుకొని, పగుళ్లకు దారితీయును. జ్ఞాపకముగల లోహమునకును అలసట తప్పలేదు. దాని ఆయుర్దాయమును గూడ చుట్ల లెక్కననే కొలుచుచున్నారు.

వోలర్ తరువాత స్ట్రాస్‌బర్గ్‌లో రైల్వే ఉన్నతోద్యోగము నిర్వహించి, 1889లో విరమించి హానోవర్ చేరెను. 1914 మార్చి 21న 94 ఏండ్ల వయస్సున అచ్చటనే మరణించెను.