లోయవాసి పత్రిక

నేటి ఓస్లో నగరము క్రిస్టియానియా అను పేరుతో నుండిన దినములలో, 1858 అక్టోబరు 10వ తేదీన, అచ్చట ఒక చిన్న వారపత్రిక వెలువడెను. దాని పేరు 'డ్యోలెన్'. లోయలో నివసించువాడని ఆ మాటకు అర్థము. దాని సంపాదకుడు ఓస్మున్ ఓలవ్‌సన్ వీన్యే. అందలి రచనలలో అధికభాగము ఆయనవే. విషయమున కంటె భాషయందే ఆ పత్రిక క్రొత్తది.

నార్వే నాలుగు వందల యేండ్లకు పైగా డెన్మార్కుతో కలసియుండెను. 1814లో ఆ బంధము తెగినను, నార్వే ప్రజల వ్రాతభాష మాత్రము డేనిష్‌గానే నిలిచెను. ఈవర్ ఓసెన్ అను పండితుడు పల్లెల వెంట తిరిగి, మాండలికములను సేకరించి, వానినుండి ఒక దేశభాషను కూర్చెను. 1848లో వ్యాకరణమును, 1850లో నిఘంటువును ప్రకటించెను. కాని వ్యాకరణ మున్నంత మాత్రమున భాషకు వచనము పుట్టదు. రాజకీయములు, నాటక విమర్శ, ఊరి ముచ్చట్లు, తత్త్వచర్చ – వీని నన్నిటిని ఆ పల్లెపలుకులు మోయగలవా? వారము వారము వ్రాసి చూపుట తప్ప దానికి వేరు సమాధానము లేదు. ఆ భారమును వీన్యే తలకెత్తుకొనెను. ఓసెన్ నియమములను ఆయన తు.చ. తప్పక పాటింపలేదు, తన సీమ నుడికారమును యథేచ్ఛగా కలిపెను. పత్రిక చదువదగినదగుటకు ఈ స్వేచ్ఛయే కారణమనవచ్చును.

ఆయన 1818 ఏప్రిల్ 6న టెలెమార్క్ సీమలోని వీన్యేలో, పరుల భూమిపై గుడిసె కట్టుకొని బ్రతుకు పేదవాని యింట జన్మించెను. ఊరి పేరే ఇంటిపేరయ్యెను. ఉపాధ్యాయ శిక్షణ పొంది మాండాల్ పట్టణమున బోధించుచు, పత్రికలో వ్రాసిన ఎత్తిపొడుపు మాటల వలన ఆ కొలువు పోగొట్టుకొనెను. ముప్పదిరెండవ యేట, 1850లో, విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్ష నిచ్చెను. నాటక కర్త ఇబ్సెన్ అప్పటి సహపాఠి. వీరిద్దరును బోటెన్-హాన్సెన్‌తో కలసి 1851లో నడిపిన వారపత్రిక తొమ్మిది నెలలకే ఆగిపోయెను. 1856లో న్యాయశాస్త్ర పరీక్ష ముగిసెను.

డ్యోలెన్ మధ్య మధ్య ఆగుచు, మరల లేచుచు పండ్రెండేండ్లు నడచెను. 1860లో ట్రాన్‌హైమ్ నగరమున రాజు పట్టాభిషేకమును చూడ బయలుదేరిన వీన్యే, చాలదూరము కాలినడకనే సాగెను. ఆ ప్రయాణమును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథమున రాజవైభవము కంటె దారిలోని కొండలు, రైతులు, వారి మాటతీరులే ఎక్కువ చోటు పొందినవి. ఒకే విషయమున నవ్వును దుఃఖమును కూడ చూచు ద్వంద్వదృష్టి ఆయనది. నిన్నటి మాటను నేడు మార్చుచున్నాడని గిట్టనివారు నిందించిరి. ఆ నింద కొంత నిజమే.

పత్రిక కూడు పెట్టలేదు. 1865 నుండి న్యాయశాఖలో నకళ్లు వ్రాయు గుమాస్తాగా పనిచేసెను. ప్రభుత్వ విధానమును తన పత్రికలో విమర్శించినందులకు 1868లో ఆ జీవనాధారమును తొలగిపోయెను. అయినను కలము ఆగలేదు. 1869లో రోసాను వివాహమాడెను. మరుసటి సంవత్సరమే ఆమె కుమారుని కని మరణించెను. అప్పటికే ఆయనను ఉదరమున పుట్టిన క్యాన్సరు పట్టుకొనియుండెను. 1870 జూలై 30న, హాదెలాన్ సీమలోని గ్రాన్‌లో కన్నుమూసెను. డ్యోలెన్ కూడ ఆ యేడే నిలిచిపోయెను.

1880లో ఎడ్వర్డ్ గ్రీగ్ ఆయన గీతములకు స్వరములు కూర్చెను. 1885లో నార్వే శాసనసభ ఆ పల్లెభాషకు పాత వ్రాతభాషతో సమాన ప్రతిపత్తి నొసగెను. అప్పటికి వీన్యే గతించి పదునైదేండ్లు.