ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరము రామకృష్ణమాచార్యులు

పట్టుచీరలకు ప్రసిద్ధి కెక్కిన ధర్మవరము నాటకమునకును ప్రసిద్ధి కెక్కినదని నేటివారిలో ఎరిగినవారు తక్కువ. ఆ యూరిపేరే ఇంటిపేరుగా గల శ్రీమాన్ రామకృష్ణమాచార్యులవారు 1853వ సంవత్సరమున ఒక శ్రీవైష్ణవ కుటుంబమున జన్మించిరి. వారి తండ్రి కృష్ణమాచార్యులు. నాటికి అనంతపురము ప్రత్యేక జిల్లా కాదు; ఆ సీమ యంతయు బళ్లారి కలెక్టరు పాలనలో నుండెను. 1882లో గాని అనంతపురము విడిపోలేదు. కావున చదువునకైనను, వ్యవహారమునకైనను, ఉద్యోగమునకైనను అందరును బళ్లారిదారి పట్టవలసినదే. ఆచార్యులవారును ఆ దారినే నడచి, సంస్కృతాంధ్రములతోపాటు కన్నడమును, ఇంగ్లీషును అభ్యసించి, తుదకు ఆ పట్టణముననే వకీలుగా స్థిరపడిరి.

బళ్లారి అప్పుడు చిత్రమైన పట్టణము. ఒక వీధిలో తెలుగు, మరియొక వీధిలో కన్నడము, దండు ప్రాంతమున హిందూస్థానీ, అరవము, దొరల ఇంగ్లీషు, ఇన్ని భాషలు వినబడుచుండెను. ధారవాడ నాటక సమాజములవారు ఎడ్లబండ్లపై తెరలు, సామగ్రి వేసికొని వచ్చి ఆ దేశమున ఆడుచుండిరి. మహారాష్ట్రమున అణ్ణాసాహెబు కిర్లోస్కరు 1880లో శాకుంతలమును పాటలతో నింపి పూనా పట్టణమున ఆడించినది మొదలు, రంగస్థలముపై నాయికానాయకులు తమ అనురాగమును పాడుకొనుట ఒక క్రొత్త వింతయై దక్షిణమునకు వ్యాపించెను. ఈ గాలి బళ్లారి వకీలుగారికి సోకక మానునా?

తెలుగు నాటకము నాటికింకను ఉయ్యాల దిగని శిశువు. కోరాడ రామచంద్రశాస్త్రిగారు 1860 ప్రాంతమున మంజరీ మధుకరీయమను నాటకమును వ్రాసియుండిరి గాని అది తాళపత్రములయందే నిలిచి, 1908 వరకు అచ్చునకు రాలేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1880లో రాజమహేంద్రవరమున విద్యార్థులచే నాటకములాడించిరి. ఆ పిమ్మట సంస్కృత నాటకముల తెలిగింపులు వచ్చుచుండెను. జనులకు యక్షగానము తెలియును, వీథిభాగవతము తెలియును, భామాకలాపము తెలియును. అవి రాత్రి యంతయు దివిటీల వెలుగున ఆడునవి. చదువుకొన్నవారు వాటిని చాటుగా చూచి, మరునాడు చూడలేదని చెప్పుట మర్యాదగా నుండెడిది.

ఇట్టి కాలమున ఆచార్యులవారు చిత్రనళీయమును రచించిరి. 1887లో అది బళ్లారియందు ప్రదర్శింపబడినది. ఇతివృత్తము క్రొత్తది కాదు. నన్నయ భారతమున అరణ్యపర్వములో నున్నదే, శ్రీనాథుని శృంగారనైషధమున పండితులు నూరి త్రాగినదే. నలదమయంతుల కథ తెలియని తెలుగుబిడ్డ యెవరు? అయినను చదివినప్పటి దమయంతి వేరు, కన్నుల యెదుట నిలిచి తన వలపును రాగతాళములతో పాడు దమయంతి వేరు. ఇంద్రాగ్నియమవరుణులు నలుగురును నలుని రూపము దాల్చి స్వయంవరమున కూర్చుండగా, ఆ కన్య దేవతలను కాదని ఒక మనుష్యుని ఏరుకొన్నది. ఆ ఏరుకొనుటయే నాటకమునకు ప్రాణము.

ఇది ఎట్టి సభాసదుల యెదుట జరిగినదో తలచుకొనిన గాని దీని బరువు తెలియదు. ఆ కాలమున బ్రాహ్మణ, వైశ్య కుటుంబములయందు ఎనిమిది, తొమ్మిదేండ్ల బాలికకు తాంబూలములు పుచ్చుకొనుట సామాన్యము. వరుని మొగము ఆమె చూచినదా యని అడుగువాడు లేడు. రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతు వివాహము చేయించినందుకు ఆయనకు కలిగిన వెలివేతలు దేశమంతయు చెప్పుకొనుచుండిరి. బాలికల సమ్మతి వయస్సు పదినుండి పండ్రెండునకు పెంచిన 1891 నాటి శాసనముపైననే దేశమున పెద్ద కలకలము బయలుదేరినది. అట్టి రోజులలో, కూతుండ్రకు కాళ్లు కడిగి కన్యాదానము చేసి వచ్చిన తండ్రులే నాటకశాలలో కూర్చుండి, తనకు నచ్చినవానిని తానే వరించిన రాజకన్య పాటకు తలలూపిరి. పురాణకథ కనుక ఎవరికిని కోపము రాలేదు.

ఆచార్యులవారి నాటకములు సుమారు ముప్పది యుండును. వాటి పేర్లు వరుసగా చూచినచో ఒక విశేషము కనబడును. భక్తప్రహ్లాద, పాదుకాపట్టాభిషేకము వంటి భక్తిరసప్రధానములు కొన్ని కలవు. తక్కినవానిలో అనేకములు స్త్రీ తన మనస్సు చెప్పుకొను కథలే. కలలో చూచిన అనిరుద్ధుని కొరకు పరితపించిన ఉష, తన్ను జయించుటకు వచ్చిన అర్జునుని యెదిరించి నిలిచిన స్త్రీరాజ్యపు రాణి ప్రమీళ, ప్రవరుడు కాదని త్రోసిపుచ్చగా దుఃఖించిన వరూధిని, వీరందరును ఆయన రంగస్థలము నెక్కిరి. సావిత్రీ చిత్రాశ్వమును మరువరాదు. చిత్రాశ్వుడనగా సత్యవంతుడే, బాల్యమున గుఱ్ఱముల బొమ్మలు వ్రాయుచుండుటచే ఆ పేరు కలిగినదని భారతమున నున్నది. వరుడు ఏడాదిలో చనిపోవునని నారదుడు తెలిపినను, తండ్రి వేరొకని చూచుకొమ్మనినను, సావిత్రి తన నిర్ణయమును మార్చుకొనలేదు. మన యిండ్లలో సావిత్రిని పతిభక్తికి దృష్టాంతముగా చెప్పుదుము. తండ్రిమాటను కాదన్న కన్యగా చెప్పము. రెండును ఆమెయే.

వీరి నాటకములకు ముందు తెలుగు నాటకమున పద్యములుండెను గాని రాగతాళయుక్తములైన పాటలకు ఇంత చోటు లేకుండెను. ఆచార్యులవారు స్వయముగా సంగీతము తెలిసినవారు, నటులు. బాహుక పాత్రయందు, దశరథ పాత్రయందు వారు పేరు పొందిరి. పాడువాని గొంతు ఎక్కడ నిలుచునో, ఆడువాని కాలు ఎక్కడ తడబడునో ఎరిగి పాట కట్టువారు. నాంది, సూత్రధారుల పాతపద్ధతిని కొంత సడలించి, ఇంగ్లీషు నాటకముల వలె ప్రస్తావనయు, రంగవిభాగమును తెచ్చిరి. ఈ మేళవింపు వలననే ఆంధ్ర నాటక పితామహుడను బిరుదము వారియందు సార్థకమైనది.

పాటలు మితిమీరినవని పలువురు పండితులు ఆక్షేపించిరి. సంతోషమునకు పాట సరే, ఏడ్చుచున్నవాడు కూడ పాడవలెనా, మూర్ఛపోవుచున్నవాడు తాళము తప్పక పాడుట యెట్లు కుదురును అని వారి ప్రశ్న. ఆ ఆక్షేపణలో నిజము లేకపోలేదు. నాటకము కచేరీగా మారి, ఒకసారి పాడిన పాటనే సభవారు మరల మరల పాడించుకొనిన కాలము తరువాత రానే వచ్చినది. అయితే వేరొక సంగతి కూడ గలదు. తన కోరికను నోరు విప్పి చెప్పుట కులకాంతకు తగదని లోకము శాసించిన రోజులలో, ఆ కోరికను వచనముగా పలికించినచో సభ లేచి పోయెడిదే. పాటగా పలికించినందున కూర్చుండి విన్నది. సుశీలయైన స్త్రీ మాటలాడరాదు గాని పాడవచ్చునన్న చిత్రమైన లోకనీతిని ఆ వకీలుగారు చక్కగా వాడుకొనిరని చెప్పవచ్చును.

వారి రచనలలో చర్చకు ఎక్కువ గురియైనది విషాద సారంగధరము. రాజమహేంద్రవరము నేలిన రాజరాజనరేంద్రుడు కొడుకునకై చూచిన కన్య చిత్రాంగి చిత్రపటమును చూచి, మోహపడి, ఆమెను తానే పెండ్లియాడినాడని కథ. వేటకు వెళ్లిన రాజు లేని సమయమున సారంగధరుని పావురము ఎగిరి చిత్రాంగి మేడపై వ్రాలినది. దానికై వెళ్లిన యువరాజును ఆమె కోరినది. తల్లివరుస యని అతడు నిరాకరింపగా, నేరము అతనిపై మోపినది. రాజు విచారింపక కొడుకు కాలుసేతులు నరికింప నాజ్ఞాపించెను. గౌరన నవనాథచరిత్రమునను, చేమకూర వేంకటకవి కావ్యమునను ఈ కథ కలదు. రాజమహేంద్రవరమున సారంగధరుని మెట్ట నేటికిని చూపుదురు. చరిత్ర యందు మాత్రము సారంగధరుడను కుమారుని జాడ శాసనములలో లేదు. నరేంద్రుని కుమారుడు 1070లో చోళసింహాసన మధిష్ఠించిన కులోత్తుంగుడు.

పూర్వకావ్యములయందు సిద్ధుని మహిమచే సారంగధరునకు అవయవములు మరల వచ్చును. కథ సుఖాంతమగును. ఆచార్యులవారు ఆ సుఖాంతమును తీసివేసిరి. తెలుగున విషాదాంత నాటకమునకు ఇదియే మొదలు. నాయకుని మరణము రంగమున చూపరాదను దశరూపకాది లక్షణగ్రంథముల నియమమును భంగపరచినారని గొప్ప దుమారము లేచినది. అచ్చెరువైన సంగతి యేమనగా, దుర్యోధనుడు రంగముపైననే ప్రాణము విడుచు ఊరుభంగము మన సంస్కృతముననే యున్నది. కాని భాసుని ఆ నాటకములను తిరువనంతపురమున గణపతిశాస్త్రిగారు 1912లో ప్రకటింప మొదలిడు వరకు లోకము వాటి నెరుగదు. కావున ఆచార్యులవారికి మార్గము చూపినవాడు భాసుడు కాడు, బడిలో చదివిన షేక్స్పియరు.

ఆ నాటకములో తప్పెవరిది? చూచినవారందరును చిత్రాంగిని తిట్టుకొనుచు ఇండ్లకు పోయిరి. నిదానించి చూచినచో మొదటి తప్పు ముసలి రాజుది. కొడుకునకు నిశ్చయించిన పడుచును తాను కట్టుకొనిననాడే విషవృక్షమునకు విత్తు పడినది. వయసు మళ్లినవారు రొక్కమిచ్చి బాలికలను పెండ్లియాడు దేశమున, ఈ కథ సుఖముగా ముగియకపోవుటయే సత్యము. సిద్ధుడు వచ్చి కాలుసేతులు అతికించినచో చూచినవారు నిశ్చింతగా నిద్రపోయెడివారు. గురజాడ అప్పారావుగారు ఇదే రోగమును వాడుకభాషలో, నవ్వుటాలుగా కన్యాశుల్కమున చూపిరి. అది 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడినది. ఇరువురి దారులు వేరు. ఒకరు తమ వీధిలోని మనుష్యులనే రంగమెక్కించిరి. ఒకరు రాజులకు ఆ రోగమును అంటగట్టి పాడించిరి. ఆచార్యులవారు పురాణమును దాటి, తన కాలపు బాలికను, తన కాలపు వితంతువును పాత్రలుగా చేయలేదన్నది వారి రచనలోని పెద్ద కొరత.

వారు నెలకొల్పిన సరసవినోదినీ సభ పొట్టకూటికై ఆడు మేళము కాదు. అందు నటులు వకీళ్లు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు. 1891లో ఈ సభవారు చెన్నపట్టణమునకు పోయి విక్టోరియా పబ్లిక్ హాలున నాటకములాడిరి. చూడవచ్చినవారిలో పమ్మల్ సంబంధ మొదలియారను పదునెనిమిదేండ్ల అరవ యువకుడుండెను. అప్పటివరకు నాటకమాడుట గౌరవముగలవారికి తగని పని యని అతడు తలచుచుండెను. చదువుకొన్న పెద్దమనుష్యులు వేషము వేసి, పాడి, మెప్పించుట చూచి మనసు మార్చుకొని, ఆ జూలైలోనే సుగుణవిలాస సభను స్థాపించెను. తమిళ నాటకమునకు పునర్జన్మ మిచ్చిన ఆ సభకు అంకురము తెలుగువారు వేసినదని అరవలే చెప్పుకొందురు.

బళ్లారిలోనే మరియొక వకీలు, కోలాచలము శ్రీనివాసరావుగారు, సుమనోరమ సభను నడిపిరి. ఆయన చూపు చరిత్రవైపు. విజయనగర పతనము ఆయన ప్రసిద్ధ నాటకము. రెండు సభలకును పోటీ యుండెడిది. ఆ పోటీ వలన ప్రేక్షకులకు లాభమే గాని నష్టము లేదు.

ఈ నాటకములలో దమయంతియు, సావిత్రియు, చిత్రాంగియు మీసములు గొరిగించుకొన్న పురుషులే. స్త్రీహృదయమును పాడిన పాటలన్నియు మగగొంతుకలతో వినబడినవి. కుటుంబస్త్రీ రంగమెక్కుట నాడు ఊహకందని మాట. ఈ లోపమును తలకెత్తుకొన్నవారు ఆచార్యులవారి మేనల్లుడు, 1880లో తాడిపత్రిలో జన్మించిన బళ్లారి రాఘవగారు. మేనమామ యొడిలో నాటకము నేర్చిన రాఘవ, మేనమామ పద్ధతినే కాదనెను. రాగాలాపన తగ్గవలెను, మాట మాటగా పలుకవలెను, స్త్రీపాత్ర స్త్రీయే వేయవలెను అని ఆయన పట్టుపట్టిరి. తరువాత మద్రాసు హైకోర్టు ప్రధానన్యాయమూర్తియైన పి.వి. రాజమన్నారుగారి తప్పెవరిది అను సాంఘిక నాటకమును ఆయన ఆడిరి. అందు రాజులు లేరు, హంసలు లేవు; ఇప్పటి ఇంటిలోని ఆలుమగలే. మేనమామ పాటలో దాచి చెప్పినదానిని మేనల్లుడు వచనములో బాహాటముగా చెప్పెను. 1946లో రాఘవగారు దివంగతులైరి.

ఆచార్యులవారు 1912లో, ఏబదితొమ్మిదవ యేట పరమపదించిరి. వారి కథలలో కొన్ని తెరకెక్కినవి. సారంగధర 1957లో చలనచిత్రమైనప్పుడు ఎన్.టి. రామారావు సారంగధరుడుగను, భానుమతి చిత్రాంగిగను నటింప, ఘంటసాల సంగీతము కూర్చిరి. చిత్రాంగి పాట అప్పటికి ఆడుగొంతుకను చేరినది. నేడు ఎల్బీనగరున మెట్రో బండి యెక్కి, విక్టోరియా మెమోరియలు, చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగరున దిగు చిన్నది ఆ నాలుగు స్టేషనుల నడుమ చెవిలో ఒక ప్రేమపాట విని ముగించును. ఆ పాట పాడినందుకు ఎవరును ఎవరికిని సంజాయిషీ చెప్పుకొననక్కరలేదు.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన దినముననే ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు దక్కి, బళ్లారి మైసూరు రాష్ట్రమునకు పోయెను. తెలుగు నాటకము పాట నేర్చిన పట్టణము ఆ విధముగా కన్నడసీమ యైనది. రాఘవగారి పేర అక్కడ కళామందిరము కలదు.