రంగులపెట్టె పోయింది.. పని ఆగలేదు

1817లో రైన్ నది వెంట తిరుగుతుండగా జె.ఎం.డబ్ల్యూ. టర్నర్ సంచి పోయింది. అప్పటికి ఆయన వయసు 42. బ్రిటన్‌లో బాగా పేరున్న చిత్రకారుడు. పోయినవేంటో నోటుబుక్కులో వరసగా రాసుకున్నారు. మూడు చొక్కాలు, క్షవరం కత్తి, గొడుగు కొసకు ఉండే పొన్ను, ఒక జత మేజోళ్లు, గైడు పుస్తకం, అర డజను పెన్సిళ్లు.. చివర్లో ఒక రంగులపెట్టె. చిత్రకారుడికి రంగులపెట్టె పోవడమంటే మనకు ఇంటర్వ్యూకి వెళ్లే దారిలో ల్యాప్‌టాప్ పోయినట్టే. అయినా ఆయన టూరు మానుకోలేదు.

ఆ ధైర్యం ఒక్కరోజులో వచ్చింది కాదు. టర్నర్ 1775లో లండన్‌లోని కోవెంట్ గార్డెన్‌లో పుట్టారు. తండ్రి క్షౌరశాల నడిపేవారు, విగ్గులు తయారుచేసేవారు. కొడుకు వేసిన బొమ్మల్ని షాపులోనే పెట్టి అమ్మేవారట. 14 ఏళ్లకే రాయల్ అకాడమీ స్కూల్లో సీటొచ్చింది. ఆ వయసులోనే ఆర్కిటెక్టుల డ్రాయింగులకు రంగులేసే పని కూడా చేశారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ఇంటర్న్‌షిప్. కెమెరా లేని కాలం కాబట్టి కోటలు, చర్చిలు, నదుల బొమ్మలకు పబ్లిషర్ల దగ్గర మంచి గిరాకీ ఉండేది. దాంతో ఎండాకాలమంతా ఊళ్లు తిరగడం, చలికాలంలో ఇంట్లో కూర్చుని బొమ్మలు పూర్తిచేయడం. ఇదే ఆయన ఉద్యోగం.

చాలా దూరాలు నడిచే మనిషి కాబట్టి సామాను తక్కువే. జేబులో పట్టే స్కెచ్‌బుక్కులు, పెన్సిళ్లు, బిళ్లల్లా గట్టిగా ఉండే నీటిరంగులు. ఈ బిళ్లలు 1780 ప్రాంతం నుంచే లండన్ షాపుల్లో దొరికేవి. లేకపోతే రంగుపొడిని జిగురుతో నూరుకుంటూ కూర్చోవాలి, అది ప్రయాణంలో అయ్యే పని కాదు. ఆయన వాడిన కిట్ ఒకటి ఇప్పటికీ రాయల్ అకాడమీలో ఉంది. చూస్తే నవ్వొస్తుంది. పాత పంచాంగం తోలు అట్టను మడిచి, దాని లోపల రంగుబిళ్లలు అంటించుకున్నారు, అంతే! మూస్తే పర్సులా ఉంటుంది.

అసలు కిటుకు రంగుల వాడకంలో ఉంది. దారిలో ఆయన వాటిని చాలావరకు బయటికి తీసేవారే కాదు. పెన్సిల్‌తో గబగబా గీతలు గీసేవారు. అవసరమైనచోట ఏ రంగో పక్కన మాటల్లో రాసుకునేవారు. 1819లో ఇటలీ వెళ్లినప్పుడు నేపుల్స్ దగ్గర ఆయన తీరు చూసి తోటివాళ్లు ఆశ్చర్యపోయారు. దానికి ఆయన చెప్పిన లెక్క సింపుల్: ఆరుబయట ఒక బొమ్మకు రంగులేసే టైములో 15, 16 పెన్సిల్ స్కెచ్‌లు వేయొచ్చు.

అందుకే రైన్ టూరులో రంగులు పోయినా సరుకు పోలేదు. గీతలన్నీ మిగతా స్కెచ్‌బుక్కుల్లో భద్రంగా ఉన్నాయి. వాటి ఆధారంగా సుమారు 50 నీటిరంగు చిత్రాలు తయారయ్యాయి. కాగితానికి ముందే బూడిదరంగు పూత వేసి, వెలుగు కావాల్సినచోట ఆ పూతను తుడిచేయడం, గీకేయడం ఆయన పద్ధతి. ఇలా గీకడానికే బొటనవేలి గోరు పొడుగ్గా పెంచుకున్నారని చెబుతారు. ఆ బొమ్మలన్నిటినీ యార్క్‌షైర్‌లోని మిత్రుడు వాల్టర్ ఫాక్స్ కొనేశారు.

1820 జనవరిలో ఇటలీ నుంచి తిరిగొస్తుంటే మాంట్ సెనిస్ కనుమ పైన మంచులో బండి బోల్తా పడింది. ఆ గండం కూడా తర్వాత ఒక నీటిరంగు చిత్రమైంది. దాని పేరులోనే ఆ రోజు తేదీ, జనవరి 15, వేసుకున్నారు. టర్నర్ 1851 డిసెంబరు 19న చనిపోయారు. సుమారు 300 స్కెచ్‌బుక్కులు బ్రిటిష్ ప్రజల సొత్తయ్యాయి. ఇప్పుడవి లండన్‌లోని టేట్ బ్రిటన్ మ్యూజియంలో ఉన్నాయి. చొక్కాల లెక్క రాసిన ఆ నోటుబుక్కు కూడా వాటిలో ఒకటి.